ఆటలో మనసు, 4వ పాఠం: టెన్షన్ లెక్క రాయడం

ఈసారి ఏకాగ్రత గురించి రాద్దామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠంలో ఇచ్చిన స్వభావ ప్రశ్నావళి పెద్ద గొడవే తెచ్చింది. ఆందోళన దగ్గర ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లంతా "అయితే నేను ఆటకు పనికిరానా?" అని అడుగుతున్నారు. లాంగ్ జంప్ చేసే ఒకమ్మాయి రన్నప్ సాధన మానేసి, స్వభావం మార్చుకునే పనిలో పడిందట!

ప్రశ్నావళి ఎప్పుడు నింపావని అడిగాను. ఓడిపోయిన రోజు రాత్రి అంది. అంటే ఆమె కొలిచింది తన స్వభావాన్ని కాదు, ఆ రాత్రిని. స్వభావం ఏళ్ల తరబడి ఉండేది, స్థితి ఆ పూటది. ఈ తేడా కోసమే మనస్తత్వవేత్త స్పీల్‌బెర్గర్ 1970లో రెండింటికీ వేర్వేరు ప్రశ్నలు పెట్టాడు.

నాకు చిరాకు తెప్పించే ఇంకో మాట: "స్వభావానికీ ఆటకూ సంబంధం ఉందని తేలింది." ఎంత సంబంధం? సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, 0.2 అనుకుందాం. దాన్ని వర్గం చేస్తే 0.04. అంటే ఆటగాళ్ల ప్రదర్శనల్లోని తేడాల్లో ఆ గుణంతో ముడిపడేది 4 శాతం. మిగతా 96లో శిక్షణ, నిద్ర, గాయాలు, ఎదుటివాడి ఆట అన్నీ ఉన్నాయి. పైగా అది గుంపు లెక్క, మీ జాతకం కాదు. నమ్మకం ఉండి గెలిచారా, గెలిచాక నమ్మకం వచ్చిందా అన్నది కూడా ఆ అంకె చెప్పదు.

ఇక పని. పోటీకి 20 నిమిషాల ముందు మూడు అంకెలు రాయండి, ఒక్కోటి 10కి: మనసులో దిగులు, ఒంట్లో టెన్షన్, నమ్మకం. క్రీడా మనస్తత్వవేత్త మార్టెన్స్ బృందం ప్రశ్నావళి కొలిచేదీ ఈ మూడే; ఇది దానికి నా అడ్డదారి. పోటీ అయ్యాక గెలుపోటములు కాదు, కొలత రాయండి.

ఉదాహరణకి: దిగులు 3, ఒంట్లో 8, నమ్మకం 7, దూకింది 5.42 మీటర్లు. ఇంకో రోజు: దిగులు 7, ఒంట్లో 3, నమ్మకం 4, దూకింది 5.11. ఇలాగే పదేపదే వస్తే, కాళ్ల వణుకుతో పేచీ లేదు, తలలో గొణుగుడే అడ్డం. రైఫిల్ షూటర్‌కి ఇదే లెక్క తిరగబడొచ్చు. గుండె దడకి తుపాకీ కదులుతుంది. ఎవరి మేలైన స్థితి వారిదేనని క్రీడా మనస్తత్వవేత్త హానిన్ చెప్పింది ఇందుకే.

అభ్యాసం: పది పోటీలు. స్కోరు రాయని ప్రాక్టీసు లెక్కలోకి రాదు. ఫోన్‌లో వద్దు, చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు చాలు. ఫోన్ తెరిస్తే మెసేజీలు చూస్తారు. పది పూర్తయ్యేదాకా ఏమీ తేల్చకండి. లాంగ్ జంప్ అమ్మాయీ, నువ్వు ముందు రన్నప్ కొలిచే టేపు బయటికి తీయి.