జ్యూరీ (మన పని చూసి మార్కులేసే ప్యానెల్) ముందు మట్టితో చేసిన ముక్కల్ని కిల్న్‌లో (కాల్చే బట్టీలో) పెట్టేవాళ్లు ఇవి చూసుకోండి

అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) సిరామిక్ స్టూడియో అయినా, మన దగ్గరి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అయినా కిల్న్ గుణం ఒకటే.

– ముందుగా ముక్కను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, 100 డిగ్రీలు దాటేసరికి లోపలి నీరు ఆవిరై దాన్ని పేల్చేస్తుంది, పక్కవాళ్లవీ పోతాయి. (నాది ఒకసారి పేలింది, పక్కమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది.)

– గ్లేజ్ (కాలాక గాజులా మారే పూత) వేసిందైతే అడుగు తడిగుడ్డతో తుడవండి. కరిగి షెల్ఫ్‌కి అతుక్కుంటే ముక్కా, షెల్ఫూ రెండూ దండగ.

– అడుగున పేరు గీరారా? కాలాక అన్నీ ఒకేలా ఉంటాయి.

– టెన్షన్‌లో తలుపు తొందరగా తీయకండి. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజమే) ఒక్కసారిగా కుంచించుకుంటుంది, అప్పుడు చల్లగాలి తగిలితే పగులే. అందుకే జ్యూరీకి రెండు రోజుల ముందే కాల్చేయండి.