వెనక్కి వచ్చిన ఫారం: మా పిగ్మీ మేకపిల్ల రిజిస్ట్రేషన్

మా పిగ్మీ (పొట్టి జాతి) మేకపిల్లను జాతి రిజిస్టర్‌లో నమోదు చేయించడానికి పంపిన ఫారం వెనక్కి వచ్చినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. తల్లీ తండ్రీ రెండూ రిజిస్టరైన మేలుజాతివే, ఇంకేం కావాలి అనుకున్నాను. చూస్తే తప్పులు రెండున్నాయి.

తల్లిని నేను చూడితో ఉన్నప్పుడు కొన్నాను. దాన్ని కట్టించిన పోతు పాత యజమానిది కాదు, వేరొకరిది. అలాంటప్పుడు పోతు యజమాని సంతకం చేసిన సర్వీస్ మెమో (ఏ పోతుతో, ఏ తేదీన కట్టించారో తెలిపే కాగితం) జతచేయాలి. అడగ్గానే ఆయన రాసిచ్చారు. కట్టించిన తేదీ నుంచి ఈనిన రోజుకు లెక్కేస్తే 149 రోజులు. మేకల చూడికాలం సుమారు 150 రోజులే కాబట్టి తేదీలు సరిపోయాయి.

రెండోది తల్లి చెవిలోని గుర్తింపు పచ్చబొట్టు. నేను రాసిన అక్షరం, దాని సర్టిఫికెట్‌లోని అక్షరం వేరు. పగటి వెలుగులో మసకగా, ఏదో మరకలా ఉంది. చీకటి పడ్డాక చెవి లోపలి భాగం తుడిచి, వెనకనుంచి టార్చి వేశాను. పల్చటి చర్మంలో ఆకుపచ్చ సిరా చుక్కలు ఒక్కొక్కటిగా తేలాయి. నేను ‘సి’ అనుకున్నది నిజానికి ‘జి’! ప్రాణం లేచొచ్చింది.

కొట్టివేతలు లేకుండా కొత్త ఫారం నింపి, మెమో జతచేసి పంపాను. ఈసారి సర్టిఫికెట్ వచ్చింది. చూడి మేకను కొనేవాళ్లు డబ్బిచ్చే రోజే ఆ మెమో అడిగి తీసుకోండి.