అడుగు తప్పే సీఎన్‌సీ: సమస్య - పరిష్కారం

కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే, ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ యంత్రాల్లో ఎక్కువ వాటికి తాము ఎక్కడ ఉన్నదీ తెలియదు. మోటార్‌కు ఇన్ని పల్సులు (ఒక్కో పల్సుకు ఒక్క అడుగు) పంపాను కాబట్టి ఇంత దూరం వచ్చి ఉంటానని కంట్రోలర్ లెక్క వేసుకుంటుంది, అంతే. మధ్యలో మోటార్ ఆగిపోయినా, మోటార్‌ను స్క్రూకు కలిపే కప్లర్ జారినా, నట్టు వదులైనా తెరమీది అంకె మాత్రం ధీమాగా ముందుకు పోతూనే ఉంటుంది. అందుకే కొలత తప్పినప్పుడు ముందు ఒక విషయం తేల్చుకోవాలి: లెక్కే తప్పా, పల్సు వృథా అయిందా, లేక ఇనుములో వదులుందా? మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం దేనిది దానిదే.

కింది అంకెలు కంట్రోలర్‌లో నడిచే జీఆర్‌బీఎల్ 1.1 ఫర్మ్‌వేర్‌కు చెందినవి. కన్సోల్‌లో $$ కొడితే సెట్టింగులన్నీ వస్తాయి. వేలు పెట్టే ముందు ఆ జాబితాను ఒక ఫైల్లో దాచుకోండి. ఒకసారికి ఒక్క అంకెనే మార్చండి. మూడు మార్చాక బాగుపడితే, ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

చెప్పిన దూరానికీ వెళ్లిన దూరానికీ పొంతన లేదు

నిష్పత్తి చూడండి, కారణం చాలావరకు అదే చెబుతుంది. సరిగ్గా సగమో రెట్టింపో వెళ్తే డ్రైవర్ (మోటార్‌కు కరెంటు అందించే బోర్డు) కింద ఉన్న మైక్రోస్టెప్పింగ్ జంపర్లు (ఒక స్టెప్పును ఎన్ని చిన్న భాగాలు చేయాలో చెప్పేవి) మీరనుకున్నట్టు లేవు. నాలుగు రెట్లు వెళ్తే లీడ్ స్క్రూ (తిరుగుతూ నట్టును జరిపే మరల కడ్డీ) దగ్గర పొరపడ్డారు: మామూలుగా దొరికే 8 మి.మీ. వ్యాసమున్న స్క్రూకు పక్కపక్క మరల మధ్య దూరం 2 మి.మీ. అయినా, దానికి నాలుగు మొదళ్లు (పక్కపక్కనే సాగే నాలుగు వేర్వేరు మరలు) ఉంటాయి కాబట్టి ఒక చుట్టుకు నట్టు 8 మి.మీ. కదులుతుంది (దీన్నే లీడ్ అంటారు). 25.4 రెట్లు తేడా వస్తే ఫైలు అంగుళాల్లో ఉంది. మొదట్లో జి20 (అంగుళాలు) ఉందో జి21 (మి.మీ.) ఉందో చూడండి.

లెక్క ఇలా: 1.8 డిగ్రీల మోటార్‌కు చుట్టుకు 200 స్టెప్పులు. 16 మైక్రోస్టెప్పులతో 3200. దాన్ని 8తో భాగిస్తే మిల్లీమీటరుకు 400. రెండు మి.మీ. పళ్ల బెల్టు, 20 పళ్ల పుల్లీ అయితే చుట్టుకు 40 మి.మీ., అంటే 80. ఈ అంకెలు $100, $101, $102లో (వరుసగా ఎక్స్, వై, జెడ్ అక్షాలకు) ఉండాలి.

తేడా ఒకటి రెండు శాతమే ఉంటే వెంటనే ఆ అంకెను సవరించాలని చేయి దురద పెడుతుంది. 100 మి.మీ. పంపితే 98.5 వచ్చింది కదా అని 400ని 406 చేసేవాళ్లు చాలామంది. లీడ్ స్క్రూ అంత అబద్ధం చెప్పదు. ముందు కొలిచిన పద్ధతిని అనుమానించండి, తర్వాత వదులును. ఒకే దిశలో వెళ్తూ 10, 50, 100, 200 మి.మీ. దగ్గర కొలవండి. తప్పు దూరంతోపాటు పెరిగితే లెక్క సవరించవచ్చు. అన్నిచోట్లా అంతే ఉంటే అది లెక్క తప్పు కాదు. బెల్టు యంత్రాల్లో మాత్రం బిగుతును బట్టి కొద్దిపాటి సవరణ న్యాయమే.

పని మధ్యలో బొమ్మ పక్కకు జరిగింది

అభిరుచితో ఈ పని చేసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. పేరుపలక చెక్కుతుంటే నాకూ మూడో పొర నుంచి అక్షరాలు కుడికి నడవడం మొదలుపెట్టాయి. వేగం తగ్గించాను, త్వరణం తగ్గించాను, కరెంటు పెంచాను. రెండు రోజులు పోయాయి. చివరికి కప్లర్ మీది చిన్న స్క్రూ వదులని తేలింది. అలెన్ కీతో పావు తిప్పు, సమస్య మాయం.

అప్పటి నుంచి మొదట మార్కర్ పెన్నే తీస్తాను. యంత్రాన్ని సున్నా దగ్గర నిలిపి మోటార్ షాఫ్టు, కప్లర్, స్క్రూ మూడింటి మీదుగా ఒకే గీత గీయండి. దానికి ఎదురుగా మోటార్ ఒంటిమీద ఇంకో చుక్క పెట్టండి. పని నడిపించి మళ్లీ సున్నాకు రప్పించండి. గీత ముక్కలైతే కప్లర్ జారింది: షాఫ్టుకు చదునైన వైపు ఉంటే స్క్రూ దానిమీదే పడేలా బిగించండి. గీత ముక్కలు కాకుండా చుక్కకు దూరంగా నిలిస్తే మోటార్ స్టెప్పులు పోగొట్టుకుంది. గీత, చుక్క కలిసే ఉన్నా పనిముట్టు తప్పుచోట ఉంటే నట్టో, కొలెట్‌లో (కత్తిని పట్టే బిగింపులో) కత్తో జారింది. అన్నీ సరిగ్గా ఉండి బొమ్మ ఒక్కటే జరిగితే, కదిలింది చెక్క. నవ్వకండి, ఇది తరచూ జరిగేదే.

స్టెప్పులు పోయాయని తేలితే, ఎంత జరిగిందో కొలవండి. ఆగిపోయిన స్టెప్పర్ మోటార్ మళ్లీ పట్టు దొరికించుకునేది నాలుగు పూర్తి స్టెప్పుల లెక్కన. 8 మి.మీ. లీడ్ ఉన్న స్క్రూ మీద అది 0.16 మి.మీ., ఇందాకటి బెల్టు మీద 0.8 మి.మీ. జరిగిన దూరం వీటి గుణిజంగా ఉంటే మోటార్ భారం మోయలేక ఆగిందని అర్థం. $110 నుంచి ఉండే గరిష్ఠ వేగాన్ని, $120 నుంచి ఉండే త్వరణాన్ని తగ్గించండి. గాలిలో ఖాళీగా నడుపుతూ త్వరణాన్ని కొంచెం కొంచెం పెంచి, మోటార్ ఆగిన అంకెలో ముప్పావు వంతుకు దిగడం నా అలవాటు. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ బలం పడిపోతుంది. డ్రైవర్ తట్టుకునేదైతే 12 వోల్టుల బదులు 24 వోల్టులు ఇస్తే పై వేగాల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కాసేపు నడిచి, కొన్ని క్షణాలు మెత్తబడి, మళ్లీ నడిస్తే డ్రైవర్ వేడెక్కి తనను తాను ఆపుకుంటోంది. కరెంటు తగ్గించండి, ఫ్యాను గాలి తగిలేలా చూడండి. ఏ4988 డ్రైవర్‌లో రిఫరెన్స్ వోల్టేజి (కరెంటు పరిమితిని నిర్ణయించేది) అంటే కరెంటుకు 8 రెట్లను సెన్స్ రెసిస్టర్ (కరెంటును కొలిచేది) విలువతో గుణించినది. 0.1 ఓము రెసిస్టర్‌తో 1.2 ఆంపియర్లు కావాలంటే 0.96 వోల్టులు. రెసిస్టర్ మీది ముద్ర చూడకుండా ఎవరో చెప్పిన వోల్టేజి పెట్టవద్దు. అదే బోర్డు వేరే రెసిస్టర్‌తోనూ వస్తుంది.

జరిగినది చాలా చిన్నదై, దిశ మారిన ప్రతిసారీ ఒకే వైపు పేరుకుంటుంటే భారం కాదు కారణం. స్టెప్ పల్సు తలకిందులై ఉండవచ్చు, $2 చూడండి.

వృత్తం గుండ్రంగా రాలేదు

50 మి.మీ. వృత్తం ఒకటి గీయించండి. ఒక అక్షం వైపు సాగి కోడిగుడ్డులా ఉంటే మిల్లీమీటరుకు స్టెప్పుల లెక్క. ఏటవాలుగా సాగితే అక్షాలు లంబంగా లేవు: చతురస్రం చెక్కి రెండు కర్ణాలూ కొలవండి. నాలుగు దిక్కుల చివర్లలో చిన్న మెట్లో, చదునులో కనిపిస్తే బ్యాక్‌లాష్, అంటే దిశ మారినప్పుడు బయటపడే వదులు. డయల్ గేజి ఆనించి ఒక వైపు తోసుకుంటూ వెళ్లి, దిశ మార్చి 0.02 మి.మీ. చొప్పున వెనక్కి రప్పించండి. ముల్లు కదలకుండా పోయిన దూరమే ఆ వదులు. మామూలు జీఆర్‌బీఎల్‌లో దీన్ని సరిదిద్దే సెట్టింగు లేదు, లేకపోవడమే మేలు. స్ప్రింగు నట్టు వేయండి, బెల్టు బిగించండి, చక్రాల ఎక్సెంట్రిక్ నట్లు (తిప్పితే చక్రాన్ని దగ్గరకు జరిపేవి) సరిచేయండి.

మోటార్ వణుకుతుంది, తిరగదు

మోటార్ లోపలి కాయిళ్ల తీగల జతలు కలిసిపోయాయి. విద్యుత్తు ఆపి, డ్రైవర్ నుంచి తీగలు విప్పి, ఏ రెండింటినైనా కలిపి షాఫ్టును వేళ్లతో తిప్పండి. గట్టిగా అడ్డుపడితే ఆ రెండూ ఒక జత. విద్యుత్తు ఉండగా మోటార్ తీగ పీకవద్దు. డ్రైవర్ అక్కడికక్కడే పోతుంది. తిరిగినా దిశ తప్పయితే $3 మార్చండి.

స్పిండిల్ (కత్తిని తిప్పే మోటార్) వేయగానే అలారం 1

అక్షం చివర ఉండే లిమిట్ స్విచ్‌ను తాకకుండానే తాకినట్టు కనిపిస్తోందంటే తీగలు విద్యుత్ రొదను పట్టుకుంటున్నాయి. లిమిట్ తీగలను స్పిండిల్, మోటార్ తీగలకు దూరంగా తీసుకెళ్లండి. షీల్డ్ కేబుల్ వాడి, షీల్డును ఒక్క కొసనే ఎర్త్ చేయండి. స్విచ్‌లను మామూలుగా మూసి ఉండేలా కలిపి $5ను 1 చేయండి. తీగ తెగినా యంత్రం ఆగుతుంది, అది అదనపు లాభం. అయినా తగ్గకపోతే ఇన్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. $21ను 0 చేసి అలారం నోరు మూయించడం పరిష్కారం కాదు.

హోమింగ్ మొరాయిస్తోంది

హోమింగ్ అంటే యంత్రం స్విచ్‌ల దాకా వెళ్లి తన సున్నాను వెతుక్కోవడం. ఎదురు మూలకు పరుగెడితే $23 మార్చండి. అలారం 8 అంటే వెనక్కి వచ్చినా స్విచ్ ఇంకా నొక్కే ఉంది: $27 (వెనక్కి వచ్చే దూరం) పెంచండి. అలారం 9 అంటే వెతికినంత మేరా స్విచ్ దొరకలేదు: తీగ చూడండి, $130 నుంచి ఉండే ప్రయాణ దూరాలు నిజంకన్నా తక్కువగా ఉన్నాయేమో చూడండి. హోమింగ్ చక్కగా అయ్యాక తొలి కదలికకే అలారం 2 (ప్రయాణ మేర దాటే ఆదేశం) వస్తే కంగారు వద్దు. జీఆర్‌బీఎల్ యంత్ర కొలతలు మామూలుగా రుణాత్మకం. మీ పనికి పెట్టుకున్న సున్నా స్థానం తప్పుచోట ఉంది.

వంపుల్లో ఆగి ఆగి నడుస్తోంది

కోడ్ తెరిచి చూడండి. వంపు వందలకొద్దీ బుల్లి సరళరేఖలుగా ముక్కలై ఉంటే 115200 వేగంతో వచ్చే సీరియల్ లైను వాటిని అందించలేకపోతుంది, రాబోయే కదలికలను లెక్కవేసి పెట్టుకునే ప్లానర్ ఖాళీ అవుతుంది. ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చాపాలను అనుమతించండి, టాలరెన్స్ కొద్దిగా సడలించండి. దాని తర్వాతే $11 జోలికి వెళ్లండి; 0.010ని కాస్త పెంచితే మూలల్లో వేగం పెరుగుతుంది, దాంతో కుదుపూ పెరుగుతుంది.

ఆగి ఉన్నప్పుడు జెడ్ అక్షం కిందికి జారుతోంది

$1 విలువ 25గా ఉంటే కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకు మోటార్లు పట్టు వదిలేస్తాయి. స్పిండిల్ బరువు మిగతా పని చేస్తుంది. 255 పెట్టండి. ఇక మోటార్లు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. మొదటిసారి ముట్టుకుని భయపడకండి.