ఒకే కంప్యూటర్‌పై పలు పనులు: లినక్స్‌లో ప్రాసెస్‌ల గుంపులకు వనరుల హద్దులు పెట్టే విధానం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వంటి ఒడిశా-ఆంధ్ర సరిహద్దు పట్టణాలలో ఒకే కంప్యూటర్‌తో నడిచే దరఖాస్తుల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బ్రౌజర్‌లో విద్యార్థుల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతూ ఉండగా, వెనుక అదే యంత్రం తెలుగు, ఒడియా కాగితాల స్కాన్ ప్రతులను టెస్సరాక్ట్ అనే అక్షరాలు గుర్తించే ప్రోగ్రామ్ ద్వారా అక్షరాలుగా మారుస్తూ ఉంటుంది. ఈ రెండో పనికి హద్దు లేకపోతే ఫారం నింపే తెర బిగుసుకుపోతుంది, కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడినవారు పడిగాపులు పడవలసి వస్తుంది. కొత్త కంప్యూటర్ కొనేముందు ఉన్నదానిలో పని జరిగే క్రమాన్ని చక్కదిద్దడం మంచిది. అందుకు కావలసిన సాధనం లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగంలోనే ఉంది.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, అంటే ప్రాసెస్‌ను, ఎంత ముందు వరుసలో ఉంచాలో చెప్పే నైస్ విలువ మార్చడం సీపీయూ విషయంలో కొంత మేలు చేస్తుంది గాని మెమరీని అదుపు చేయదు. యూలిమిట్ అనే ఆదేశంతో పెట్టే మెమరీ హద్దు ఒక్కొక్క ప్రాసెస్‌కే వర్తిస్తుంది కాబట్టి, నాలుగు ప్రాసెస్‌లు ఒకేసారి నడిస్తే ఆ హద్దు నాలుగింతలైనట్టే. హద్దు ప్రాసెస్‌కు కాక పనికి పెట్టాలి, అంటే ఆ పని కోసం పుట్టిన ప్రాసెస్‌లన్నిటికీ కలిపి పెట్టాలి. దీనికోసమే గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనాజ్, రోహిత్ సేథ్ 2006లో మొదలుపెట్టిన కృషి, కంట్రోల్ గ్రూప్స్ (క్లుప్తంగా సీగ్రూప్స్) అనే పేరుతో 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నెల్‌లో చేరింది. టెజున్ హియో పూనికతో తిరిగి రూపొందిన రెండో వెర్షన్ 2016 నాటి 4.5 కెర్నెల్‌తో అధికారికమైంది. ఈ వ్యాసం ఆ రెండో వెర్షన్ గురించే. ఇక్కడ తెలుగు లిపిలో ఉన్న ఫైల్ పేర్లను, ఆదేశాలను టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందుగా /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ డైరెక్టరీలో సీగ్రూప్.కంట్రోలర్స్ అనే ఫైల్‌ను తెరిచి చూడండి. అందులో సీపీయూ, మెమరీ, పిడ్స్ (ప్రాసెస్‌ల సంఖ్య) అనే కంట్రోలర్ల, అంటే ఒక్కొక్క వనరును అదుపు చేసే భాగాల, పేర్లు కనిపిస్తే రెండో వెర్షన్ పనిచేస్తున్నట్టే. రూట్ (నిర్వాహకుడి) అధికారంతో అక్కడే ఎంకేడిర్ ఆదేశం ద్వారా స్కాన్ అనే డైరెక్టరీని సృష్టిస్తే చాలు, గుంపు ఏర్పడుతుంది, దానికి కావలసిన ఫైళ్లను కెర్నెల్ తానే నింపుతుంది. మెమరీ.మ్యాక్స్ వంటి ఫైళ్లు కనిపించకపోతే, పై డైరెక్టరీలోని సీగ్రూప్.సబ్‌ట్రీ_కంట్రోల్ ఫైల్‌లో ఆ కంట్రోలర్ పేరును ముందు కూడిక గుర్తుతో రాయాలి.

తెలుగు, ఒడియా కాగితాలను వేరువేరుగా లెక్కించదలచుకుంటే స్కాన్ గుంపు లోపల మరో రెండు గుంపులు పెట్టవచ్చు. అయితే అన్నిటికంటే పైనుండే రూట్ గుంపుకు మినహాయింపు ఉన్నా, తక్కినవాటికి ఒక కట్టుబాటు ఉంది: తనలోనే ప్రాసెస్‌లు ఉన్న గుంపు తన పిల్ల గుంపులకు మెమరీ వంటి కంట్రోలర్లను పంచలేదు. కాబట్టి ప్రాసెస్‌లన్నీ చివరి గుంపులలోనే ఉండాలి. పైనున్న స్కాన్ గుంపుపై పెట్టిన హద్దు మాత్రం లోపలి రెండు గుంపుల మొత్తానికీ వర్తిస్తుంది.

సీపీయూ విషయంలో సీపీయూ.మ్యాక్స్ కంటే సీపీయూ.వెయిట్‌ను ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. సీపీయూ.మ్యాక్స్‌లో 50000 100000 అని రాస్తే ప్రతి లక్ష మైక్రోసెకన్లలో యాభై వేలు మాత్రమే, అంటే ఒక కోర్‌లో సగమే, ఆ గుంపుకు దక్కుతుంది. రాత్రివేళ యంత్రం ఖాళీగా ఉన్నా అంతకు మించి ఇవ్వదు. వెయిట్ అలా కాదు, పోటీ ఉన్నప్పుడే అమలవుతుంది. దీని సహజ విలువ 100. స్కాన్‌కు 20 పెడితే, పోటీ దానికీ బ్రౌజర్ ఉండే యూజర్ స్లైస్‌కూ (వాడుకరి ప్రోగ్రామ్‌లుండే గుంపుకూ) మధ్యనే ఉన్నప్పుడు ఆరింట ఒక వంతు స్కాన్‌కు, అయిదు వంతులు బ్రౌజర్ పక్షానికి దక్కుతాయి. ఈ పోలిక ఒకే తల్లి గుంపు కింద ఉన్న తోబుట్టువుల మధ్యనే జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మెమరీకి రెండు గీతలు గీయాలి. మెమరీ.హై అనేది హెచ్చరిక గీత: దాన్ని దాటిన ప్రాసెస్‌లను కెర్నెల్ నెమ్మదింపజేసి, వాటి పేజీలను (మెమరీ ముక్కలను) గట్టిగా వెనక్కి తీసుకుంటుంది గాని ఆ గీత కారణంగా ఏ ప్రాసెస్‌నూ చంపదు. మెమరీ.మ్యాక్స్ కఠినమైన హద్దు: అక్కడికి చేరాక మెమరీ దొరకకపోతే గుంపులోని ప్రాసెస్ బలవుతుంది. 8 జీబీ యంత్రంలో స్కాన్‌కు హై 3 జీబీ, మ్యాక్స్ 4 జీబీ పెట్టి చూడవచ్చు. చివరి గుంపులలో మెమరీ.ఊమ్.గ్రూప్ ఫైల్‌లో (ఊమ్ అంటే మెమరీ అయిపోవడం) 1 రాస్తే, అలా బలయ్యే వేళ గుంపులోని ప్రాసెస్‌లన్నీ కలిసే ఆగిపోతాయి. సగం చచ్చిన స్క్రిప్ట్ అరకొర ఫలితాలు రాసి పెట్టడం కంటే అది ఎంతో నయం.

ఇక్కడ తొందరపడి అపోహపడే అవకాశముంది. మెమరీ.కరెంట్ ఎప్పుడూ హై గీత దగ్గరే తచ్చాడుతున్నంత మాత్రాన మెమరీ చాలడం లేదని కాదు, ఎందుకంటే చదివిన స్కాన్ ఫైళ్ల పేజీ క్యాష్ (మెమరీలో ఉంచుకున్న నకలు) కూడా ఆ గుంపు ఖాతాలోనే పడుతుంది, దాన్ని కెర్నెల్ సులభంగా విడుదల చేయగలదు. మెమరీ.స్టాట్‌లో యానాన్ (ప్రోగ్రామ్‌ల సొంత మెమరీ), ఫైల్ (ఫైళ్ల క్యాష్) అనే అంకెలను విడివిడిగా చూడండి. మెమరీ.ప్రెషర్ ఫైల్ ఉంటే ఇంకా మంచిది: గడచిన 10, 60, 300 సెకన్లలో మెమరీ కోసం పని ఎంత శాతం కాలం నిలిచిపోయిందో అది చెబుతుంది.

నడుస్తున్న ప్రాసెస్‌ను గుంపులోకి మార్చడానికి దాని సంఖ్యను సీగ్రూప్.ప్రాక్స్‌లో రాయాలి, ఆపై అది పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు ఆ గుంపులోనే పుడతాయి. కాని అప్పటికే వాడుకున్న మెమరీ పాత గుంపు ఖాతాలోనే మిగిలిపోతుంది. అందువల్ల ముందు షెల్‌ను (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రామ్‌ను) గుంపులో చేర్చి, ఆ తరువాతే దానిలోనుంచి పనిని మొదలుపెట్టాలి. ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టే పిడ్స్.మ్యాక్స్, ప్రాసెస్ లోపలి పని పోగులైన థ్రెడ్‌లను కూడా లెక్కిస్తుంది కనుక దానికి కాస్త ఉదారంగా 200 ఇవ్వండి.

చేత్తో చేసినవన్నీ రీబూట్‌తో పోతాయి. పైగా సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ ఉన్న యంత్రంలో ఈ గుంపుల వృక్షం పైభాగం దాని అధీనంలో ఉంటుంది కనుక ఈ పద్ధతిని సాధనకే పరిమితం చేయండి. శాశ్వత ఏర్పాటుకు /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో స్కాన్.స్లైస్ (సిస్టమ్‌డీలో గుంపును స్లైస్ అంటారు) అనే ఫైల్ పెట్టి, స్లైస్ విభాగం కింద సీపీయూవెయిట్, మెమరీహై, మెమరీమ్యాక్స్, టాస్క్స్‌మ్యాక్స్ విలువలను రాయాలి. స్కాన్-తెలుగు.స్లైస్ అని పేరు పెడితే మధ్యనున్న అడ్డగీత వల్ల అది స్కాన్ కిందికే చేరుతుంది. పనిని నడిపే సర్వీస్ ఫైల్‌లో స్లైస్ పేరునూ, ఊమ్‌పాలసీకి కిల్ అనే విలువనూ ఇచ్చి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ తరువాత సర్వీస్‌ను మళ్లీ మొదలుపెట్టండి. సిస్టమ్‌డీ-సీజీటాప్ నడిపితే ఏ గుంపు ఎంత తీసుకుంటున్నదో తెలుస్తుంది. ఫారాల రద్దీ ఎక్కువగా ఉండే వేళల్లోనే ఆ అంకెలను గమనించి, మెమరీహై విలువను సర్దుకోండి.