ఆన్‌లైన్ చెల్లింపుల్లో సొమ్ము భద్రంగా ఉండాలంటే

క్యూలో నిలబడకుండా, చిల్లర వెతుక్కోకుండా క్షణాల్లో డబ్బు పంపగలగడం నిజంగా గొప్ప సౌకర్యమే. అయితే పొరపాటున పంపిన సొమ్ము కూడా అంతే వేగంగా వేరొకరి ఖాతాకు చేరిపోతుంది కనుక, పిన్ నొక్కే ముందు తెరపై కనిపించే పేరును, మొత్తాన్ని తప్పనిసరిగా సరిచూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ ఖాతాలోకి డబ్బు రావడానికి మీరు పిన్ నొక్కనవసరం లేదు. "రీఫండ్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అని ఎవరైనా చెబితే, పోయేది మీ సొమ్మేనని గ్రహించి వెంటనే ఫోన్ పెట్టేయండి. వెబ్‌సైట్ చిరునామా పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన అది నమ్మదగినదని అర్థం కాదు. మోసగాళ్ల సైట్లకూ ఆ గుర్తు ఉంటుంది. కార్డుకు రోజువారీ పరిమితి పెట్టుకోండి. మోసం జరిగిందని తెలిసిన మరుక్షణమే బ్యాంకుకు చెప్పి, కార్డును బ్లాక్ చేయించి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోండి.