చలికి ముందు షవర్ మార్చేవారు చూసుకోవలసినవి

బెంగళూరులో కార్తీకం చలి మొదలయ్యేలోగా కొత్త షవర్ పెట్టించాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు ఒకసారి మిద్దె ఎక్కి, ట్యాంకు అడుగు నుంచి షవర్ దాకా ఎంత ఎత్తుందో కొలుచుకోవడం మంచిది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. పై అంతస్తులో ఆ ఎత్తు మూడు మీటర్లే అయితే దక్కేది 0.3 బార్. పళ్లెమంత రెయిన్ షవర్‌ను అక్కడ బిగిస్తే వాన కురవదు, చూరునీళ్లు కారినట్టు కారుతుంది.

పంపు పెడితే సరిపోతుందని ప్లంబర్లు అంటారు. అయితే పంపు ఇచ్చే గరిష్ఠ ఒత్తిడిని గీజర్ లేబుల్‌తో పోల్చుకోవాలి, 0.8 ఎంపీఏ (మెగాపాస్కల్, ఇదీ ఒత్తిడి కొలతే) అని రాసి ఉంటే అది 8 బార్ల వరకే తట్టుకుంటుంది. ఇన్‌స్టంట్ గీజర్ ఉన్నవారికి ఇంకో చిక్కు: 3 కిలోవాట్ల గీజర్ నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి 1.7 లీటర్లకు మించి ఇవ్వలేదు.

అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేవి మరలు. మారతహళ్లిలోని మా ఇంట్లో, అమెరికా నుంచి తమ్ముడు తెచ్చిన షవర్‌ను దాని గొట్టంతో సహా గోడకు బిగించాము. ఇక్కడివి బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు ప్రమాణం) మరలు, అక్కడివి ఎన్‌పీటీ (అమెరికన్ పైపు ప్రమాణం). అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే ఉన్నా, మర కోణం ఇక్కడ 55 డిగ్రీలు, అక్కడ 60. చుట్ల లెక్క ఒకటే కావడంతో రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుంది, కోణం కలవక నీళ్లు మాత్రం ఆగలేదు. చెమ్మ కనిపిస్తే టేపు ఇంకాస్త చుట్టి, రెంచితో మరో పావు చుట్టు తిప్పించింది నేనే. గోడలోని ఎల్బో (పైపు మలుపు ముక్క) చిట్లిన సంగతి మూడు వారాల తర్వాత కింది ఇంటివారి సీలింగు మీద గోధుమరంగు మరక తేలాక గాని తెలియలేదు. రబ్బరు వాషరుతో నీళ్లు ఆగే హ్యాండ్ షవర్ గొట్టాలకు ఈ బెడద తక్కువ.

నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్‌కు గోడలో పూడ్చే బాడీ, బయటి హ్యాండిల్ ఒకే కంపెనీ, ఒకే వరుసవి కావాలి. వేడినీళ్ల దారిలో ఉన్నది వేడికి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపేనా అని కూడా అడగండి. బోరు నీళ్లయితే, వేలితో రుద్దగానే సున్నం రాలే రబ్బరు రంధ్రాల షవర్ తీసుకోండి.

కుళాయి మూసి ఉన్నంతసేపు షవర్ గొట్టంలో ఒత్తిడి ఉండదు కనుక అక్కడి లీకు బయటపడదు. బిగించిన రోజే షవర్ తల విప్పి, గొట్టం చివర ప్లగ్గు పెట్టి, చన్నీళ్ల వైపు తెరిచి అరగంట ఉంచి, గోడ దగ్గరి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. తడి తగిలితే మరింత బిగించకుండా విప్పించి, మరలు సరిచూడండి.