ఇంటర్ పిల్లల్ని కౌన్సెలింగ్‌కి ఎలా తీసుకెళ్లాలంటే

బెజవాడ, గుంటూరు హాస్టల్స్‌లో ఇంటర్ చదివే పిల్లలు ఫోన్‌లో "బానే ఉన్నానమ్మా" అనే అంటారు, అందుకే ఆ మాట ఒక్కటే కాదు, నిద్ర, తిండి, ఫ్రెండ్స్‌తో కలుస్తున్నారా లేదా చూడండి, రెండు వారాలు దాటినా డల్‌గానే ఉంటే కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి. విషయం ముందే చెప్పండి, జనరల్ చెకప్ అని అబద్ధం చెప్పి తీసుకెళ్తే అక్కడ నోరు విప్పరు.

లోపల మీరు పక్కనే కూర్చోవద్దు, కాసేపు వాళ్లని ఒంటరిగా మాట్లాడనివ్వండి, బయటికొచ్చాక "ఏం అడిగారు, ఏం చెప్పావ్" అని గుచ్చి గుచ్చి అడగొద్దు ప్లీజ్. కౌన్సెలర్ మందులు రాయరు, మనసులో భయాన్ని బయటికి చెప్పుకోవడం, పరీక్ష టెన్షన్‌లో ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, సిలబస్‌ని చిన్న ముక్కలు చేస్కుని చదవడం ఇలాంటివి నేర్పిస్తారు, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. ఒక్క సిట్టింగ్‌తో అంతా మారిపోదు, ఓపిక పట్టండి.

ఎక్కడికెళ్లాలో తెలీకపోతే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కాల్ చేయండి, ఫ్రీ, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు, గుంటూరు గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్ (జీజీహెచ్)లో సైకియాట్రీ విభాగం కూడా ఉంది. చచ్చిపోవాలనుంది అని ఒక్కసారి అన్నా సరే, ఊరికే బెదిరిస్తున్నారులే అనుకోవద్దు, ఒంటరిగా వదలకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.